దవడ నొప్పి వల్ల మావారికి దగ్గర కాలేకపోతున్నాను

సందేహం, అనంతపురం నుంచి:
నాకు 34 ఏళ్లు. నాలుగు నెలలుగా కుడి చెవి ముందు నొప్పిగా ఉంటోంది. నోరు పెద్దగా తెరిస్తే టక్కుమని శబ్దం వస్తోంది, పొద్దున లేచేసరికి కణతలు బిగుసుకొని ఉంటున్నాయి. ముద్దు పెట్టుకున్నా నొప్పి పెరుగుతుండటంతో, రాత్రి ఏదో ఒక పని కల్పించుకొని ఆలస్యంగా పడుకుంటున్నాను. తనను దూరం పెడుతున్నానని మావారు బాధపడుతున్నారు. ఇంట్లో పెద్దవాళ్లను అడగగలిగే విషయం కాదు కనుక ఇక్కడ అడుగుతున్నాను.

సమాధానం, కడప నుంచి:
చెల్లెమ్మా, ఇదే బాధ నేనూ పడ్డాను. చెవి పోటు అనుకొని రెండు నెలలు చెవిలో చుక్కల మందు వేసుకున్నాక గానీ అది దవడ కీలు నొప్పి అని తెలియలేదు. మీరు ముందుగా చేయవలసింది మీవారికి విషయం చెప్పడం. అదీ పడక మీద కాకుండా, పగటిపూట తీరిగ్గా ఉన్నప్పుడు చెప్పండి. నేను మా ఆయన వేలిని నా చెవి ముందు ఆనించి, నోరు తెరిచి మూశాను. లోపల కీలు తడబడటం ఆయన వేలికే తెలిసింది, ఆ తరువాత నేను వేరే వివరణ ఇవ్వవలసిన అవసరం రాలేదు.

కింది దవడ పుర్రెతో కలిసే ఆ కీలులో ఒక మెత్తటి బిళ్ల ఉంటుంది. నిద్రలో పళ్లు నూరడం, దిగులుతో పళ్లు బిగపట్టడం వంటి వాటివల్ల కీలూ దాని చుట్టూ ఉన్న కండరాలూ అలసిపోతాయి కనుక, రాత్రి సుఖంగా ఉండాలంటే పగలే జాగ్రత్త పడాలి. తినేటప్పుడు తప్ప పై పళ్లూ కింది పళ్లూ తగలకుండా, పెదవులు మాత్రం మూసి ఉంచండి. ఎండు జొన్నరొట్టె, వేయించిన చెనక్కాయలు, చెరకు కొన్ని వారాలు మానేసి, సంగటి, ఉగ్గాణి, పప్పన్నం తినండి. ఆవులించేటప్పుడు గడ్డం కింద చేయి ఆనించండి.

పడుకోబోయే ముందు వేడినీటిలో ముంచి పిండిన గుడ్డతో 15 నిమిషాలు కాపడం పెట్టుకుంటే కండరాలు సడలుతాయి. నొప్పి తగ్గేవరకు నోరు వెడల్పుగా, ఎక్కువసేపు తెరిచి ఉంచవలసిన చర్యలేవీ వద్దు. పెదవులు తాకించే మృదువైన ముద్దు, మెడా భుజాలూ నిమరడం, కౌగిలి, వీటికి దవడతో పనిలేదు. నొప్పి ఉన్న వైపు దిండుకు అదిమి పడుకోకండి, ఆయన చేయి గానీ బరువు గానీ అటు పడకుండా చూసుకోండి. భుజం మీద రెండుసార్లు తడితే ఆగాలని ముందే అనుకుంటే, మధ్యలో నోటితో చెప్పనక్కరలేదు. ఓర్చుకొని సాగించడం మాత్రం చేయకండి, దానివల్ల కండరం ఇంకా బిగుస్తుంది.

మళ్లీ అనంతపురం నుంచి:
అక్కా, డాక్టరుకు చూపించుకోవాలా?

కడప నుంచి:
నాలుగు నెలలైంది కనుక తప్పకుండా చూపించుకోండి. పళ్ల డాక్టరు దగ్గరికే వెళ్లాలి, మా కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల కూడా ఉంది. రాత్రి పళ్లు నూరుతున్నట్లు తేలితే, పళ్లకు తొడుక్కునే నైట్ గార్డ్ కొలత తీసి చేయించి ఇస్తారు. మీ చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్లు మూడింటినీ కలిపి ముందు పళ్ల మధ్య నిలువుగా పెట్టి చూడండి. అవి పట్టకపోయినా, దవడ ఇరుక్కుపోతున్నా, జ్వరమో వాపో వచ్చినా ఆలస్యం చేయవద్దు. వక్కపొడి, గుట్కా అలవాటున్న వారిలో బుగ్గ లోపలి పొర బిగుసుకుపోయి నోరు తెరుచుకోని వేరే జబ్బు వస్తుంది, అది క్యాన్సర్‌కు దారితీయవచ్చు కనుక ఆ అలవాటుంటే డాక్టరుతో దాచకుండా చెప్పండి. దవడ నొప్పితో పాటు ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం ఉంటే మాత్రం అది గుండెకు సంబంధించినది కావచ్చు, వెంటనే 108కి ఫోన్ చేయండి.