సమస్య: చల్లబడిన పిదప జంట విడదు

ఇరుసు బాబాయ్ (నిర్వాహకుడు):
నిన్న రాత్రి లేత్ స్పిండిల్‌కి (తిరిగే ఇరుసుకి) బేరింగు, అంటే ఇరుసు సాఫీగా తిరగడానికి తొడిగే ఉక్కు రింగు, కాచి ఎక్కిస్తుంటే ఈ పాదం దానంతటదే నోట్లోంచి ఊడిపడింది. లోకంలో జంటలు వేడి తగ్గితే విడిపోతాయి, మన జంట వేడి తగ్గాకే బిగుస్తుంది. అదీ తమాషా.

*చల్లబడిన పిదప జంట విడదు*

ఇది ఆటవెలది చివరి పాదం, ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి. పద్యంలో వర్క్‌షాప్ వాసన ఉండాలి. ఉత్త పెళ్లి పద్యాలు తీసేస్తాను.

తోకయతి:
మొదటి బోణీ నాదే.

నూనె వేడిలోన నోరు విప్పును రింగు
ఇరుసు చల్లగుండి యిమిడిపోవు
నెట్టి పట్టుకొనుము నిమిషమ్ము మెట్టుకు
చల్లబడిన పిదప జంట విడదు

మైక్రాన్ మాస్టారు:
మూడో పాదం చేత్తో పనిచేసినవాడు రాసింది. బేరింగు చల్లారేటప్పుడు బోరు (నడిమి రంధ్రం) ఒక్కటే బిగుసుకోదు, వెడల్పు కూడా తగ్గుతుంది. వదిలేసి చేతులు తుడుచుకుంటే స్టెప్‌కీ (ఇరుసు మీది మెట్టుకీ) రింగుకీ మధ్య సందు మిగిలిపోతుంది. చాలామంది దూర్చడం వరకే రాస్తారు, పట్టుకుని నిలబడటం రాయరు. ఆ పాదానికి నా టోపీ తీశాను. 'నిమిషమ్ము'లో 'మ్ము' మాత్రం గణం నింపడానికి పెట్టిన షిమ్ములా (సందు పూడ్చే పల్చటి రేకులా) ఉంది.

ఒక్క అనుమానం: మీ రింగుకి సీళ్లు (గ్రీజు కారకుండా పక్కల ఉండే మూతలు) ఉన్నాయా? ఉంటే నూనెలో ముంచకూడదు. లోపలి గ్రీజు పలచబడి కారిపోతుంది.

తోకయతి:
సీలు లేని బేరింగే మాస్టారూ. సీలు ఉంటే 'నోరు విప్పును' అని ఎలా అంటాను!

గ్యాస్‌కట్టర్:
ఇంత సున్నితం అక్కర్లేదు. మా పద్ధతి చూడండి.

గ్యాసు మంట మీద కాసేపు కాల్చిన
బేరింగు కడుపు కొంత పెద్ద దగును
షాఫ్టు దూర్చి పైన చన్నీళ్ళు పోసిన
చల్లబడిన పిదప జంట విడదు

తోకయతి:
రెండో పాదంలో బేరింగు ఎక్కలేదు సోదరా! పక్కపక్కనే రెండు గురువులు (సాగదీసి పలికే అక్షరాలు). ఆ పాదంలో గురువు వెనకాల లఘువు (పొట్టి అక్షరం) రావాల్సిందే, కాబట్టి 'బేరింగు' అనే మాటకు అక్కడ చోటే లేదు. కాచినా ఎక్కదు, సుత్తితో కొట్టినా ఎక్కదు.

గ్యాస్‌కట్టర్:
వాడుకలో 'బేరిఙ్' అంటాం. తేల్చి పలికితే సరిపోతుంది.

తోకయతి:
తేల్చి పలకడం సుత్తితో కొట్టడమే. ఎక్కినట్టే ఉంటుంది, తిప్పితే గరగరమంటుంది.

మైక్రాన్ మాస్టారు:
గణం సంగతి తోకయతి చూసుకుంటాడు, నాకు మొదటి పాదం, మూడో పాదం భయంగా ఉన్నాయి. మంట ఒకవైపు తగిలితే రింగు ఒకవైపే ఉబ్బుతుంది. పైగా ఎంత వేడెక్కిందో కంటికి తెలిసేలోపే పని అయిపోతుంది. మామూలు బేరింగు ఉక్కు 120 డిగ్రీలు దాటకూడదు. లేత పసుపు రంగు కనపడిందంటే 200 దాటినట్టే. అప్పటికే గట్టితనం, కొలత రెండూ పోతున్నాయి, దాన్ని పేపర్‌వెయిట్‌గా వాడుకోవడమే. ఇక చన్నీళ్లు! తుప్పును పిలిచి పీట వేసినట్టు. దానంతట అది చల్లారనివ్వండి.

నూనెలో కాచేటప్పుడు కూడా రింగును గిన్నె అడుగున పడేయకండి, తీగతో వేలాడదీయండి. అడుగు ఎప్పుడూ నూనెకంటే వేడిగా ఉంటుంది. థర్మామీటరు పెట్టి 100 దగ్గర ఆపేస్తే చాలు.

గ్యాస్‌కట్టర్:
100 డిగ్రీలకు ఏం ఉబ్బుతుందండీ? మంట ఉంటేనే పని.

మైక్రాన్ మాస్టారు:
లెక్క వేద్దాం. 40 మిల్లీమీటర్ల బోరు, గది వేడికంటే 80 డిగ్రీలు ఎక్కువ. ఉక్కు మీటరుకు డిగ్రీకి సుమారు 12 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) పెరుగుతుంది. అంటే బోరు దాదాపు 38 మైక్రాన్లు తెరుచుకుంటుంది. ఆ సైజు షాఫ్టును (ఇరుసును) కే6కు, అంటే బోరుకంటే పిసరంత లావుండే కొలతకు, లేత్ మీద తిప్పితే బిగువు (ఆ లావు తేడా) మహా అయితే 30 మైక్రాన్లు. ఇంకా 8 మిగిలింది. జారి కూర్చుంటుంది. ఆ 8 కూడా పొయ్యి నుంచి షాఫ్టు దాకా నడిచే లోపే కరిగిపోతుంది కాబట్టి నడక తగ్గించుకోండి. నాకొకసారి సగం దారిలో పట్టేసింది. గ్లౌజు వెతుక్కుంటూ పది సెకన్లు పోగొట్టుకున్నాను, మర్నాడంతా పుల్లర్‌తో (బేరింగును ఊడలాగే పనిముట్టుతో) గడిచింది.

తోకయతి:
గ్యాస్‌కట్టర్ గారికి ఉబ్బడం మీద నమ్మకం ఈమధ్యే కుదిరింది లెండి. పోయినసారి సమస్యకు ఆయన పూరణలో పాదం గుర్తుందా? *'లోహ ముబ్బినపుడు లోపు తగ్గు'*! కాస్తే లోపలి రంధ్రం చిన్నదవుతుందట!

గ్యాస్‌కట్టర్:
అది పాత గొడవ. దాన్ని ఇక్కడికి లాగకండి. అయినా లోహం నాలుగువైపులా ఉబ్బితే లోపలికి కూడా ఉబ్బాలిగా?

లఘువమ్మ:
రింగును ఒకచోట కోసి సాపు చేశారనుకోండి, కడ్డీ అవుతుంది. కాస్తే కడ్డీ పొడుగవుతుంది. మళ్లీ వంచి అతికిస్తే చుట్టుకొలత పెరిగిన రింగు. లోపు తగ్గేదెక్కడ? మీ పాదంలో యతి (అక్షరాల మైత్రి) బాగుంది, భౌతికశాస్త్రమే తప్పింది.

గ్యాస్‌కట్టర్:
యతి బాగుందన్నారు, అది చాలు.

పుల్లర్ పంతులు:
నిర్వాహకుడి షరతు అతిక్రమించకుండా పెళ్లి తెచ్చాను. బేరింగు ఉంది కాబట్టి తీసేయడానికి లేదు.

ఊరి కేగె నాలి యోవెను లోపల
రింగు కాచ గ్రీజు రేగి కంపు
మండిపడిన దామె మాటాడ లేదింక
చల్లబడిన పిదప జంట విడదు

ఇరుసు బాబాయ్ (నిర్వాహకుడు):
హహ్హా! 'మండిపడిన' తరువాత 'చల్లబడిన' పడటం బాగా కుదిరింది. కానీ పంతులూ, షాఫ్టేదీ? కాచిన రింగు ఎవరి మీద ఎక్కింది?

పుల్లర్ పంతులు:
నా నెత్తికెక్కింది బాబాయ్.

లఘువమ్మ:
గ్రీజు కంపు లేచిందంటే హద్దు దాటినట్టే. సీలున్న బేరింగును 80 దగ్గరే ఆపాలి. ఇంకో మాట, ఆ ఓవెన్లో మళ్లీ వంట చేయకండి. మా ఇంట్లో షెడ్డుకి వేరే పాత ఓవెన్ ఉంది, అది నాది. మండిపడేది మా ఆయన, అదీ నేను అతని షాఫ్టును డీప్ ఫ్రీజర్‌లో పెట్టినప్పుడు. రింగు 80కి, షాఫ్టు సున్నాకి 18 కిందకి. రెండూ కలిస్తే అలవోకగా జారుతుంది. ఎవరైనా షాఫ్టును చల్లబరిచిన పూరణ రాస్తారనుకున్నా, అందరూ రింగునే పట్టుకు వేలాడారు.

తోకయతి:
అయ్యో, నిజమే! 'చల్లబడిన' అన్నది షాఫ్టుకు అన్వయిస్తే ఎంత బాగుండేది. మీరే రాయొచ్చుగా?

లఘువమ్మ:
రాసే లోపు షాఫ్టు వేడెక్కిపోయింది.

మైక్రాన్ మాస్టారు:
అసలు 'విడదు' అన్నదే అబద్ధం. షాఫ్టు అరిగి ఉంటే ఎంత కాచినా చల్లారాక ఇన్నర్ రేసు (బేరింగు లోపలి రింగు) దాని మీద తిరుగుతుంది. అప్పుడు జంట ఉన్నా సంసారం లేదు.

ఇరుసు బాబాయ్ (నిర్వాహకుడు):
మాస్టారూ, సమస్య ఇచ్చిందే అబద్ధం కోసం. గ్యాస్‌కట్టర్, 'బేరింగు'ను మొదటి పాదంలోకో మూడో పాదంలోకో మార్చు. యతి స్థానంలో హాయిగా కూర్చుంటుంది.

గ్యాస్‌కట్టర్:
సరే, మంట ఆర్పేశాను.

వేడి నూనెలోన బేరింగు మునిగిన
కడుపు కొంత పెరిగి కదలనిచ్చు
షాఫ్టు మీద జారి చక్కగా కూర్చుండి
చల్లబడిన పిదప జంట విడదు

తోకయతి:
ఎక్కింది. 'కడుపు కొంత పెరిగి' అని మీ చేత్తోనే రాశారు, ఆ పాత పాదం కూడా దిద్దెయ్యండి మరి.

గ్యాస్‌కట్టర్:
దాని యతి బాగుంది. దాన్ని ముట్టుకోను.