ఆడపిల్ల: ఆడ పిల్లా, ఈడ పిల్లా?

ప్రొద్దుటూరు నుంచి:

పోయిన ఆదివారం మా పెదనాన్న మనవరాలిని తొట్లో వేశారు. పాటలు అయిపోయి భోజనాలకు కూర్చున్నాక మా చిన్నాయన ఎప్పుడూ అనే మాటే అన్నాడు. "ఆడపిల్లంటే పేర్లోనే ఉంది కదమ్మా. ఆడ పిల్ల. ఈడ పిల్ల కాదు." అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికొచ్చి గిన్నెలు తోముతుంటే గుర్తొచ్చింది. పదో తరగతి అయిపోయాక నన్ను ఇంటర్‌కు కడపకు పంపాలా వద్దా అని మాట్లాడుకున్న రోజు కూడా ఇదే మాట అన్నారు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

ఇక్కడ తెలిసినవాళ్లు ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. ఆ మాట నిజంగా అట్లా పుట్టిందేనా? కోస్తావాళ్లు అక్కడ, ఇక్కడ అంటారు. మనకేమో ఆడ, ఈడ, యాడ నాలుక మీదే ఉంటాయి. అందుకే ఈ అతుకు మనకింత సులువుగా కుదిరిందని నా అనుమానం.

కడప నుంచి, రిటైరైన తెలుగు అయ్యవారు:

అతుకు అన్నావే తల్లీ, అదే సరైన మాట. మీ చిన్నాయన ఒక్కడే కాదు, అప్పగింతల దగ్గర ఈ మాట చెప్పి పెళ్లికూతురిని ఇంకాస్త ఏడిపించే పెద్దమనుషులను చాలామందిని చూశాను.

అక్కడ అని అర్థం వచ్చే ‘ఆడ’కు ఈడ, యాడ తోబుట్టువులు. వేలు పెట్టి చూపించే ‘ఆ’ అందులో ఉంది. స్త్రీ అని అర్థం వచ్చే ‘ఆడ’కు ఆ తోబుట్టువులు లేరు, దాని జత ‘మగ’. ఇంకో సాక్ష్యం అరసున్న. పాత పుస్తకాలు తీసి చూడు, స్త్రీ అన్న అర్థంలో ఆఁడుది, ఆఁడుబిడ్డ, ఆఁడువారు అని ఉంటుంది. అక్కడ అనే ‘ఆడ’కు అరసున్న లేదు. ఆటాడు, మాటాడు లోని ‘ఆడు’కూ లేదు. ఒకప్పుడు ముక్కుతో పలికిన ధ్వని అరిగిపోతే మిగిలిన గుర్తే అరసున్న. పలకడం ఎప్పుడో మానేశాం, తర్వాత రాయడమూ మానేశాం. ఇప్పుడు మూడు మాటలూ ఒకే వేషంలో తిరుగుతున్నాయి. సర్వీసులో ఉన్నప్పుడు పిల్లలు "అరసున్న ఎందుకు సార్?" అని అడిగితే ఛందస్సనో వ్యాకరణమనో ఏదో చెప్పి తప్పించుకునేవాణ్ణి. ఈ ఉదాహరణ అప్పుడు తట్టలేదు.

చెవికి ఒకేలా వినపడిందల్లా చుట్టం కాదు. తమిళంలో ‘ఆణ్’ అంటే మగ. వినికిడిని బట్టి చుట్టరికం కలిపితే మన ఆడవాళ్లంతా సరిహద్దు దాటగానే మగవాళ్లయిపోవాలి.

ఇంకొక్క ముక్క. బద్వేలు దగ్గరి గోపవరం మొల్లది అని మా జిల్లావాళ్లం గట్టిగా అంటాం. నెల్లూరువాళ్లు ఒప్పుకోరు, ఆ తగవు ఇప్పుడు వద్దు. ఆమె రామాయణంలో కాండల చివర వచ్చే గద్యం చదివితే తనను ‘ఆతుకూరి కేసనసెట్టి తనయ’ అని చెప్పుకుంది. కావ్యం చివర ఏ చేవ్రాలు పెట్టాలో ఆమెకు తెలుసు. ఆడా ఈడా అనలేదు, ఫలానా వాడి కూతుర్ని అంది.

అనంతపురం నుంచి:

అయ్యవారూ, మీ వ్యాకరణం బాగుంది గానీ నాకో సందేహం. ఆడ పిల్ల అని పంపించేసిన అదే మనిషి, పుట్టింట్లో పెళ్లయితే ఆడబిడ్డ హోదాలో వచ్చి కూర్చుంటుంది. లాంఛనాలు ఆమెకు ముందు ముట్టాలి, హారతి ఆమె పట్టాలి. మా ఇంట్లో అయితే ఆమె వచ్చేదాకా పొయ్యి మీద ఎసరు కూడా పెట్టరు. ఆ రోజు ఆమె ఈడ మనిషి. మళ్లీ ఆస్తి మాటొస్తే ఆడ మనిషి. వ్యాకరణానికి ఇది అందుతుందా?

కర్నూలు నుంచి, దస్తావేజులు రాసే ఆమె:

వ్యాకరణానికి అందకపోవచ్చు, చట్టానికి కొంత అందింది. హిందూ వారసత్వ చట్టం 1956 నాటిది. ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకులాగే పుట్టుకతో హక్కు ఉంటుందని మన రాష్ట్రం చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. దేశమంతటికీ ఆ మార్పు రావడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. అయితే మనదాంట్లో ఒక మెలిక ఉంది. ఆ తేదీకి ముందే పెళ్లయినవాళ్లకు అది వర్తించదు. అంటే ఏమిటి? మీ చిన్నాయన లెక్కే. మెట్టినింటికి వెళ్లింది కాబట్టి ఆడ పిల్ల. ఎంత మంచి చట్టంలోకైనా సామెత దూరగలదు. 2005 సెప్టెంబరు 9 నుంచి అమలైన కేంద్ర సవరణలో ఆ మెలిక లేదు. తండ్రి ఆ తేదీకి బతికి ఉండాలా అన్న పేచీని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న తేల్చింది: అక్కర్లేదు, హక్కు పుట్టుకతోనే వస్తుంది.

ఇది కాగితం మీద. నా బల్ల దగ్గరికి వచ్చేది వేరే. అన్నదమ్ములు అక్కచెల్లెళ్లను కారులో తీసుకొస్తారు, టిఫిన్ పెట్టిస్తారు, ఆస్తిలో భాగం వదులుకుంటున్నట్టు విడుదల పత్రం మీద సంతకం పెట్టించుకుంటారు. "నీకు పసుపు కుంకుమ ఇచ్చాము కదమ్మా" అంటారు. ఆమె కూడా చాలాసార్లు సంతోషంగానే పెడుతుంది, పుట్టింటి గడప ఎక్కడ పోతుందోనని. ఒక్కసారి మాత్రం ఒకామె పత్రమంతా నాతో చదివించుకుని, "ఇందులో నా పేరు ముందు ఫలానా వారి కుమార్తె అని రాశావు కదా, మరి నాకు భాగం ఎందుకు లేదు?" అని అడిగింది. ఆ రోజు సంతకం కాలేదు. అయ్యవారు చెప్పిన ‘తనయ’ చదవగానే ఆమే గుర్తొచ్చింది.

కడప నుంచి, ఇంకొకరు:

2025 నవంబరు 2న మన అమ్మాయిల జట్టు క్రికెట్ ప్రపంచకప్ గెలిచిన రాత్రి మా వీధంతా "శ్రీచరణి మా కడప బిడ్డ" అని టపాసులు కాల్చింది. ఆ రాత్రి ఆడ పిల్ల అన్నవాడు ఒక్కడూ లేడు. బిడ్డ అన్న మాటలో ఆడా మగా తేడా లేదని అప్పుడే గమనించాను. గెలవని రోజు కూడా అదే మాట వాడితే బాగుండు.

ప్రొద్దుటూరు నుంచి:

అందరికీ దండాలు. ఇవన్నీ సాయంత్రం చిన్నాయనకు చదివి వినిపించాను. మొల్ల దగ్గర తల ఊపాడు. భూమి దగ్గర టీవీ వైపు తిరిగాడు. చివరికి "అరసున్న పోయిందన్నారు కదమ్మా, పోయినాక రెండూ ఒకటే కదా" అన్నాడు. పోలేదు చూడు అని రాసి చూపిద్దామని ఫోను తీశాను. కీబోర్డంతా వెతికాను, కనపడలేదు. అరసున్న యాడుందో ఎవరైనా చెప్పండి.