ఆదివారం తెలుగు క్లాసు అప్పజెప్పారు, ఎక్కడ మొదలుపెట్టను?

మలక్‌పేట టు డాలస్:
అందరికీ నమస్కారమండి. మాది హైదరాబాద్, మలక్‌పేట. డాలస్ వచ్చి మూడు నెలలైంది. అక్కడ ప్రైవేటు స్కూల్లో ఆరేళ్ళు తెలుగు చెప్పానని ఎవరి నోటో విని, ఇక్కడ గుడిలో జరిగే ఆదివారం క్లాసు నాకు అప్పజెప్పారు. పదకొండు మంది పిల్లలు, గంటన్నర టైము. ఐదేళ్ళ వాడి నుంచి పన్నెండేళ్ళ పిల్ల దాకా అందరూ ఒకే గదిలో. మొదటి వారం అ ఆ ఇ ఈ చార్టు తగిలించి అందరితో చెప్పించాను. రెండో వారానికి సగం మంది మర్చిపోయారు. మూడో వారం ఇద్దరు రానే లేదు. ఒక బాబు చార్టు వంక చూసి "ఆంటీ, వై సో మెనీ లెటర్స్?" అన్నాడు. నాకే టెన్షన్‌గా ఉంది. అనుభవం ఉన్నవాళ్ళు కాస్త దారి చూపించండి.

తార్నాక అక్క:
చెల్లీ, నేను న్యూజెర్సీలో ఇలాంటి క్లాసే తొమ్మిదేళ్ళు నడిపాను. తిరిగొచ్చాక ఇక్కడ హైదరాబాద్‌లో ఒక స్కూల్లో చేరి ఇప్పటికీ తెలుగే చెబుతున్నాను. నీ చార్టు సంగతి చదివి నవ్వొచ్చింది. నేనూ కోఠీలో కొని సూట్‌కేసులో చుట్ట చుట్టి తీసుకెళ్ళినదాన్నే.

నిజం చెప్పాలంటే నాకు బుద్ధి వచ్చింది అమెరికాలో కాదు, హైదరాబాద్‌లోనే. 2018లో తెలంగాణ చట్టం తెచ్చి ఒకటి నుంచి పది దాకా అన్ని బడుల్లో తెలుగు తప్పనిసరి చేసింది కదా. నా క్లాసులో ఉర్దూ మాట్లాడే ఇళ్ళ పిల్లలు, మార్వాడీ పిల్లలు, అపార్ట్‌మెంట్లు కట్టే పనికి వచ్చిన ఒడియా కుటుంబాల పిల్లలు. ఇంట్లో తెలుగు వినేవాళ్ళు పట్టుమని పదిమంది లేరు. అందులో మూడో తరగతి పాప ఒకతె ఉండేది. నోట్సు తెరిస్తే ముత్యాల్లాంటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. ప్రతిసారీ పదికి పది వేసేదాన్ని. ఒకరోజు బోర్డు మీద 'మేక' అని రాసి, ఇదేంటమ్మా అన్నాను. ఆ మాట తను ముందురోజే నాలుగుసార్లు రాసింది. బోర్డు వంక చూసింది, నా వంక చూసింది, మెల్లగా నోట్సు తెరిచి అందులో వెతకడం మొదలుపెట్టింది. అన్ని నెలలు ఆ పిల్ల రాసినవి అక్షరాలు కావు, బొమ్మలు. ఆ పదికి పదులు తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అందుకే ముందు ఒక ఆదివారం పాఠం ఆపేసి, ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని రెండేసి నిమిషాలు చదివించు. అక్షరాలు, చిన్న మాటలు, నాలుగు లైన్ల పేరా, చిన్న కథ. ఎవరు ఎక్కడ ఆగారో రాసుకో. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళు ఊళ్ళల్లో సర్వేకి వాడేది ఇలాంటి కాగితమే. ఆ తర్వాత వయసు చూడకుండా ఆగిన చోటును బట్టి గుంపులు చెయ్యి. 2022లో ఇక్కడి ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఐదు తరగతులకు తొలిమెట్టు అనే కార్యక్రమం పెట్టిందీ ఈ బాధతోనే, పై తరగతికి వెళ్ళినా కింది మెట్టు చదువు రాని పిల్లల కోసం. మీ పన్నెండేళ్ళ పిల్లకు అక్షరాలు రాకపోతే ఐదేళ్ళ వాళ్ళ పక్కన కూర్చోబెట్టకు, చిన్నబుచ్చుకుంటుంది. ఆ అమ్మాయికి నువ్వే విడిగా పది నిమిషాలివ్వు.

ఇక అక్షరాలు. మన వర్ణమాల యాభై ఆరు. దాని మీద గుణింతాలు, ఆపైన ఒత్తులు. ఌ తో మొదలయ్యే మాట నువ్వెప్పుడైనా కూరగాయల బండి దగ్గర వాడావా? క, త, ప, మ, ల, ఈ ఐదూ తీసుకో. తలకట్టు, దీర్ఘం చాలు. తల, కల, పలక, తాత, మామ, పాప, పాత, మాట కావాలంటే ఒక్క ట కలుపుకో. మొదటి రోజే పిల్లాడు 'తాత' చదివి, ఆ రాత్రి ఇండియాకి వీడియో కాల్‌లో చూపిస్తాడు. అవతల తాతగారు ఊరుకుంటారా, వచ్చే ఆదివారం ఆయనే పంపిస్తాడు వాణ్ణి క్లాసుకి.

ఇంకో సంగతి, వాళ్ళ నోట్లోంచి వచ్చినదే బోర్డు మీద పెట్టు. "నాకు దోశ వద్దు, పిజ్జా కావాలి" అన్నాడనుకో, ఉన్నదున్నట్టు తెలుగులో రాయి, పిజ్జాతో సహా. తన మాటే కాబట్టి ఊహించి అయినా చదువుతాడు, చదువుతూ అక్షరాలు పట్టుకుంటాడు. న్యూజెర్సీలో ఒక తండ్రి ఇదేం తెలుగు అని నా మీద గొడవకొచ్చాడు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు సవర గిరిజన పిల్లలకు బడి పెట్టే ముందు తాను సవర భాష నేర్చుకున్నారు. మనం ఆగస్టు 29న, ఆయన పుట్టినరోజున, ఫొటోకి దండ వేసి, మర్నాడు పిల్లలకి పుస్తకం భాషే వల్లె వేయిస్తాం.

మెల్‌బోర్న్ నాన్న:
టీచర్ గారూ, ఒక్క మాట. మేమంతా అ ఆ ఇ ఈ వరసగా దిద్దే నేర్చుకున్నాం కదండీ. మాకు రాలేదా? షార్ట్‌కట్‌లు అలవాటు చేస్తే రేపు గుణింతం అడిగితే నోరు తెరుస్తారు.

తార్నాక అక్క:
వచ్చింది బాబూ, ఎందుకు రాదు. మీరు బళ్ళో చేరేసరికే ఐదేళ్ళ తెలుగు మీ చెవుల్లో ఉంది. బస్సు మీద సికింద్రాబాద్, కొట్టు మీద కిరాణా, రోజూ కంటికి తగిలేవి. మీ పిల్లవాడికి వారానికి గంటన్నర. సెలవులు పోను ఏడాదికి ముప్పై ఆరు ఆదివారాలు వేసుకోండి, యాభై నాలుగు గంటలు. రోజుకో గంట చొప్పున మీకు ఒకటో తరగతిలో అది రెండు మూడు నెలల చదువు. ఆ యాభై నాలుగింట్లో ఇరవై గంటలు ఙ, ఞ దిద్దించమంటారా?

వరస వద్దనను. నిఘంటువు చూడాలంటే వరస కావాలి. పాటలాగా పాడించండి, కారులో. దిద్దడం తర్వాత.

మలక్‌పేట టు డాలస్:
అక్కా, చాలా థ్యాంక్స్. రెండు సందేహాలు. పిల్లలకి త, ట తేడా అస్సలు తెలియడం లేదు. పాత అన్నా పాట అన్నా ఒకటే అంటారు. రెండోది, తల్లులు. మొన్న కూరగాయల పాఠంలో ఒకావిడ సొరకాయ అంది, ఇంకొకావిడ ఆనపకాయే కరెక్ట్ అంది. మా అమ్మ అనిగెపుకాయ అంటుందని చెబుదామనుకుని నోరు మూసుకున్నాను.

తార్నాక అక్క:
ఇంగ్లీషు టీ పలికేటప్పుడు నాలుక పళ్ళకి తగలదు, పైకి మడత పడదు, మధ్యలో చిగురు మీద ఆగుతుంది. అందుకే వాళ్ళ చెవికి మన రెండూ ఒకటే. చెవి పట్టకుండా నోరు పలకదు. గదిలో ఒక మూల 'పాత', ఇంకో మూల 'పాట' అని కాగితాలు అంటించు. నువ్వు ఒక మాట అను, వాళ్ళు ఆ మూలకి పరుగెత్తాలి. పది, పడి. మొదట్లో అందరూ ఒకడి వెనకాలే పరుగెత్తుతారు, కంగారుపడకు. పలికించడం ఆ తర్వాత వారాల్లో. అద్దం ఇస్తే నాలుక ఎక్కడుందో వాళ్ళే చూసుకుంటారు.

సొరకాయ గొడవకి, మూడూ బోర్డు మీద రాసెయ్. "మీ ఇంట్లో ఏమంటారో అమ్మమ్మని అడిగి రండి" అదే హోంవర్క్. అనిగెపుకాయ కూడా రాయి, ఎందుకు నోరు మూసుకోవడం?

పుస్తకాలకి స్టోరీవీవర్ సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి, మెట్ల వారీగా ఉంటాయి. అచ్చు పుస్తకాలు కావాలంటే ఇక్కడ మా తార్నాకలోనే 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్ళున్నారు. సన్నటి పుస్తకాలు, పేజీకి ఒకటి రెండు లైన్లు. పచ్చళ్ళ సీసాల మధ్య పది పడతాయి. ఎవరైనా మీ వైపు వస్తుంటే చెప్పు, ఇచ్చి పంపుతాను.

మలక్‌పేట టు డాలస్:
అక్కా, నిన్న చేశాను. పదకొండు మందిలో మాటలు చదివేవాళ్ళు ముగ్గురే తేలారు. అందులో ఒకడు నేను ఏమీ రాదనుకున్నవాడు. పాత, పాట ఆటలో సాయానికి వచ్చిన ఒక నాన్నగారే తప్పు మూలకి పరుగెత్తారు, పిల్లలు పడీ పడీ నవ్వారు. చార్టు చూసి అడిగిన బాబు ఐదక్షరాలూ పట్టేసి, ఇంకా ఎన్ని ఉన్నాయన్నాడు. యాభై ఒకటి అన్నాను. కాసేపు ఆలోచించి, "నెక్స్ట్ వీక్ ఫైవ్ మోర్?" అన్నాడు.

మా ఆడపడుచు పై నెల అమీర్‌పేట నుంచి బయల్దేరుతోంది. పుస్తకాలు ఆవిడతో పంపగలరా?