94 నిమిషాల లైవ్ రికార్డింగ్‌ని సీడీ కాపీల కోసం ట్రాక్‌లుగా విడగొట్టడం ఎలా?

రాగమాలిక22

అందరికీ నమస్తే. ఒక లైవ్ పాటల ప్రోగ్రాం రికార్డింగ్ నా దగ్గరుంది, 94 నిమిషాలు, మొత్తం ఒకటే వేవ్ ఫైలు, 48 కిలోహెర్ట్జ్ 24 బిట్. పాడినవాళ్లూ వాయించినవాళ్లూ అందరూ సీడీ కావాలంటున్నారు, అందుకని మాస్టర్ సీడీ తయారుచేసి కాపీలు తీసేవాళ్లకి ఇవ్వాలి. పాటలు 17. వాడేది ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్.

ఒక్కో పాట సెలెక్ట్ చేసి విడిగా ఎక్స్‌పోర్ట్ చేస్తూ పోవచ్చు గానీ పాటల మధ్య చప్పట్లు ఆగకుండా నడుస్తూనే ఉంటాయి, ఆ సందడి తెగకూడదు. ట్రయల్‌కి కొన్ని పాటలు ఇలాగే కోసి రాసి ప్లేయర్‌లో పెడితే ప్రతి పాట తర్వాతా చప్పట్లు ఠక్కున ఆగిపోయి రెండు సెకన్లు నిశ్శబ్దం, ఆ తర్వాత మళ్లీ చప్పట్లు. ఒకచోట చిన్న టిక్కుమనే చప్పుడు కూడా. వినేవాళ్లకి హాల్లో కూర్చున్నట్టే ఉండాలి, నెక్స్ట్ బటన్ నొక్కితే మాత్రం సరిగ్గా తర్వాతి పాటకే వెళ్లాలి. ఎలా చేయాలండి?

పాతటేపు

ముందు ఒక మాట, ఆడియోని కోయకండి. గుర్తులు పెట్టండి చాలు. ఆడాసిటీలో లేబుల్స్ ఉన్నది దీనికే.

మొదట ఫైలు ప్లే చేస్తూ పాట మొదలైన ప్రతిచోటా కంట్రోల్ ఎం నొక్కుతూ పోండి, ఉజ్జాయింపుగా గుర్తులు పడతాయి. తర్వాత ఒక్కోదాని దగ్గరా జూమ్ చేసి, కర్సర్‌ని సరైన చోట పెట్టి కంట్రోల్ బి కొట్టి పాట పేరు రాయండి, పాత గుర్తు తీసేయండి. లేబుల్ ఒక బిందువులా ఉండాలి, ఏదైనా కొంత భాగం సెలెక్ట్ అయి ఉండగా పెడితే ఆ భాగం ఒక్కటే ఎక్స్‌పోర్ట్ అవుతుంది. బిందువు అయితే ఈ లేబుల్ నుంచి తర్వాతి లేబుల్ దాకా మొత్తం ఒక ఫైల్లోకి వస్తుంది, మధ్యలో ఏదీ పోదు. మొదటి లేబుల్ ఫైలు మొదట్లోనే, సున్నా దగ్గర పెట్టండి.

అన్నీ అయ్యాక ఎక్స్‌పోర్ట్ మల్టిపుల్. కొత్త వెర్షన్లలో అది విడిగా ఉండదు, ఎక్స్‌పోర్ట్ ఆడియో విండోలోనే మల్టిపుల్ ఫైల్స్ అని ఉంటుంది, లేబుల్స్ ప్రకారం అని ఎంచుకోండి. పేరుకి ముందు నంబర్ వచ్చే ఆప్షన్ తప్పకుండా పెట్టండి, లేకపోతే ఫైళ్లు అక్షరక్రమంలో సర్దుకుని పాటల వరస మొత్తం తారుమారవుతుంది.

గుర్తు ఎక్కడ పెట్టాలంటారా, నా పద్ధతి ఇది: చప్పట్లు ముందు పాటవే. అవి తగ్గి తర్వాతి పాట మొదటి శ్రుతి వినపడటానికి కొంచెం ముందు, పాడేవాళ్లు ఊపిరి తీసుకుంటారు చూడండి, దానికి ముందు గుర్తు పెట్టాలి. ఆ ఊపిరి కొత్త ట్రాక్‌లోకి రావాలి. అది తెగితే పాట సగంలో అందుకున్నట్టు ఉంటుంది.

మిక్సింగ్‌రూమ్

పై రిప్లై కరెక్ట్, కానీ ఆ టిక్కు, ఆ రెండు సెకన్లు లేబుల్స్ పెట్టినంత మాత్రాన పోవు. రెండింటికీ కారణాలు వేరు.

టిక్కు సంగతి: ఆడియో సీడీలో సెకనుకి 75 ఫ్రేములు, అంటే చిన్న ముక్కలుంటాయి. సీడీలో సెకనుకి 44,100 శాంపిల్స్ (ధ్వని కొలతలు), వాటిని 75తో భాగిస్తే ఒక్కో ఫ్రేముకి 588. సీడీ మీద ట్రాక్ మొదలవ్వాలన్నా ముగియాలన్నా ఫ్రేము అంచునే జరగాలి. మీ ఫైలు ఫ్రేము మధ్యలో ముగిసిందనుకోండి, మిగిలిన జాగాని రైటింగ్ సాఫ్ట్‌వేర్ మామూలుగా సున్నాలతో నింపేస్తుంది. నిజంగా నిశ్శబ్దంగా ఉన్నచోట ఇది తెలియదు, చప్పట్ల మధ్యలో అయితే సెకనులో 75వ వంతు లోపే అయినా చెవికి టిక్కున తగులుతుంది. కాబట్టి కింద సెలెక్షన్ టూల్‌బార్‌లో టైం ఫార్మాట్‌ని సీడీడీఏ ఫ్రేమ్స్‌కి (ఆడియో సీడీ ఫ్రేములకి) మార్చి, స్నాప్ (కర్సర్ అంచుకే అతుక్కునే ఆప్షన్) కూడా సీడీ ఫ్రేములకే ఆన్ చేసి అప్పుడు కంట్రోల్ బి కొట్టండి. ప్రతి గుర్తూ అంచు మీదే పడుతుంది.

ఇదంతా చేసేముందు ఫైలు మొత్తాన్ని ఒకేసారి సీడీకి కావాల్సిన 44.1 కిలోహెర్ట్జ్‌కి, 16 బిట్‌కి మార్చేసి, ఆ కొత్త ఫైలు మీదే గుర్తులు పెట్టండి. ముక్కలు చేశాక ఒక్కోదాన్నీ విడిగా మారిస్తే 48ని 44.1కి మార్చే రీశాంప్లింగ్ ఫిల్టర్‌కి ముక్క అంచు దగ్గర అవతలి ఆడియో కనపడదు, అతుకు దగ్గర తేడా వస్తుంది. 24 నుంచి 16కి దిగేటప్పుడు డిథర్ (బిట్లు తగ్గడం వల్ల వచ్చే వికృతిని కప్పే చాలా సన్నని శబ్దం) ఉండాలి, కానీ ఒక్కసారే. ముక్కలు ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ప్రిఫరెన్సెస్‌లో క్వాలిటీ కింద డిథర్‌ని None (ఏదీ వద్దు) అని పెట్టేయండి, లేకపోతే ఆడాసిటీ మళ్లీ వేసే అవకాశం ఉంది. వాల్యూమ్, ఈక్యూ (బేస్, ట్రెబుల్ సర్దడం) లాంటి పని ఏమైనా ఉంటే అదంతా 24 బిట్ ఫైలు మీదే ముగించుకోవాలి.

ఎంపీ3 మాత్రం దారిలో ఎక్కడా రానివ్వకండి. ఎన్‌కోడర్ మొదట్లోనూ చివర్లోనూ కొంచెం ఖాళీ కలుపుతుంది, దాంతో మీరు ఫ్రేములు లెక్కపెట్టుకున్న కష్టమంతా వృథా.

ఇక రెండు సెకన్లు. అది మీ ఫైళ్లలో లేదు, రాసే పద్ధతిలో ఉంది. ట్రాక్ ఎట్ వన్స్ అని ఉంటే ఒక్కో ట్రాక్ రాసి లేజర్ ఆగి మళ్లీ మొదలవుతుంది, మధ్యలో ఆ గ్యాప్ పడుతుంది. డిస్క్ ఎట్ వన్స్ (డిస్క్ మొత్తం ఆగకుండా ఒకేసారి రాయడం) ఎంచుకుని ట్రాక్‌ల మధ్య గ్యాప్‌ని సున్నా చేయండి. మొదటి ట్రాక్‌కి ముందుండే రెండు సెకన్లు మాత్రం స్టాండర్డ్‌లోనే ఉంది, దాన్ని కదపకండి.

చెవిదిద్దు

అసలు ముక్కలే లేకుండా కూడా అవుతుంది. ఒక్కో సీడీకి ఒకే పెద్ద వేవ్, పక్కన ఒక క్యూ ఫైలు. క్యూ ఫైలంటే మామూలు టెక్స్ట్, ప్రతి ట్రాక్ ఎక్కడ మొదలవుతుందో నిమిషాలు, సెకన్లు, ఫ్రేముల్లో రాసి ఉంటుంది, ఫ్రేములు 00 నుంచి 74 దాకా.

దీంట్లో నాకు బాగా నచ్చే సంగతి ఇండెక్స్ 00. పాటకి ముందు ఎవరో మైకులో రెండు మాటలు మాట్లాడారనుకోండి, అక్కడ ఇండెక్స్ 00 పెట్టి, పాట మొదలయ్యేచోట ఇండెక్స్ 01 పెడితే, సీడీ వరసగా వినేవాళ్లకి ఆ మాటలు వినపడతాయి, నెక్స్ట్ నొక్కినవాళ్లు నేరుగా పాటలోకే వెళ్తారు. మీరడిగింది అదే కదా.

రాగమాలిక22

ఇండెక్స్ 00 సంగతి ఇప్పుడే వింటున్నా, చాలా థాంక్సండి, దాదాపు ప్రతి పాట ముందూ పరిచయం మాటలున్నాయి, అవి ఏ ట్రాక్‌లో పెట్టాలో తేలక ఆగిపోయాను. ఇంకో రెండు డౌట్లు. 94 నిమిషాలు ఒక సీడీలో పట్టదు కదా? పాటల పేర్లు ప్లేయర్ డిస్‌ప్లే మీద తెలుగులో వస్తాయా?

మిక్సింగ్‌రూమ్

పట్టదు. మామూలుగా దొరికే సీడీఆర్ 80 నిమిషాలది, దాన్ని కూడా అంచుదాకా నింపకుండా కొంచెం వదిలేయడం మంచిది. రెండు సీడీలు చేయండి, సమానంగా కొయ్యాలని లేదు, ప్రోగ్రాంలో విరామం ఎక్కడుందో అక్కడ ఆపండి. మొదటి సీడీ చివర చప్పట్లని నెమ్మదిగా ఫేడ్ చేయండి, రెండోదాని మొదట్లో కూడా చిన్న ఫేడ్. ఫేడ్లు వేయాల్సింది ఆ రెండు చోట్లే. రెండో సీడీలో ట్రాక్ నంబర్లు మళ్లీ ఒకటి నుంచి.

పేర్లు తెలుగులో రావండి. సీడీ టెక్స్ట్‌లో (పేర్లని సీడీ మీదే రాసే పద్ధతి) తెలుగు లిపికి చోటు లేదు, ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేయాల్సిందే. తెలుగు పేర్లు కవర్ మీద అందంగా వేయించండి.

పాతటేపు

కాపీలు తీసేవాళ్లని ముందే ఒకటి అడగండి, వాళ్లు సీడీఆర్‌లు రాసిస్తారా లేక అచ్చు తీయిస్తారా అని. రాసేవాళ్లయితే మీ మాస్టర్ డిస్క్ చాలు. అచ్చు అయితే గ్లాస్ మాస్టర్, దాని నుంచి స్టాంపర్ (సీడీలు అచ్చొత్తే మూస) అంటూ వేరే దారి, అక్కడ చాలామంది డీడీపీ ఇమేజ్ (సీడీ మొత్తం సమాచారం ఉండే ఫైళ్ల సెట్) అడుగుతారు. మాస్టర్‌ని ఫైనలైజ్ చేసి (ఇంకేమీ రాయకుండా ముగించి), డేటా సీడీగా కాకుండా ఆడియో సీడీగానే రాసి రెండు ప్రతులు ఇవ్వండి. దాని మీద పేపర్ స్టిక్కర్ అంటించొద్దు, సీడీ మార్కర్‌తో రాయండి.

ఇచ్చేముందు మామూలు ప్లేయర్‌లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ప్రతి అతుకు దగ్గరా చివరి పది సెకన్లు, తర్వాతి ట్రాక్ మొదటి పది సెకన్లు వినండి. కంప్యూటర్‌లో కాదు, ప్లేయర్‌లోనే.