నాయన మెడ ఆపరేషన్ చేసి కుట్లు వేయలేదు, మళ్లీ కోస్తామంటున్నారు. సంతకం పెట్టాలా?

దేవరకొండ అబ్బాయి:
అందరికీ నమస్తే. మాది దేవరకొండ దగ్గర ఊరు. నాయనకి 57 ఏండ్లు, షుగర్ వచ్చి తొమ్మిదేండ్లు. పత్తి పనుల్లో పడి రెండు నెలలుగా గోలీలు వేసుకోలేదు, ఇంట్లో మేమూ చూసుకోలేదు. పోయిన వారం కింది దవడ పన్ను నొప్పి అన్నాడు. ఊర్లో ఆరెంపీ రెండు రోజులు ఇంజెక్షన్లు ఇచ్చాడు. వాపు తగ్గినట్టే తగ్గి, మూడో రోజు గదవ కింద నుంచి మెడ దాకా ఎర్రగా ఉబ్బింది. నోట్లో వేలు కూడా పట్టలేదు. నల్లగొండ తీసుకొస్తే షుగర్ 438. అక్కడి నుంచి హైదరాబాద్ పంపారు. స్కాన్ తీసి అదే రాత్రి ఆపరేషన్ చేశారు, ఊపిరి కోసం గొంతుకి గొట్టం పెట్టారు.

నిన్న గాయం చూశా. చెవి కింద నుంచి మెడ మొదలు దాకా తెరిచే ఉంది, లోపల గాజు గుడ్డ కుక్కారు. రేపు మళ్లీ తీసుకెళ్లి ఇంకొంత కండ తీస్తామని సంతకం అడుగుతున్నారు. పెద్దనాయన “మనిషిని ముక్కలు చేస్తున్నరు, ఇంటికి తీసుకపోదాం, పసరు కట్టేటోళ్లు ఉన్నరు” అంటున్నాడు. అమ్మ ఏడుపు ఆపట్లేదు. నాకేం తోచట్లేదు. ఎవరింట్లోనైనా ఇలా అయిందా?

కల్వకుర్తి అక్క:
తమ్ముడూ, ముందు సంతకం పెట్టు. మిగతాది తర్వాత చదువు.

మూడేండ్ల కింద మా ఆయనకి ఇదే అయింది, అదీ పన్నుతోనే మొదలు. మూడుసార్లు లోపలికి తీసుకెళ్లారు. రెండోసారి కాగితం ఇచ్చినప్పుడు నా చేతులు వణికినై. డ్యూటీ డాక్టరమ్మ పక్కన కూర్చోబెట్టి చెప్పింది. ఈ చీము ఒక్కచోట గడ్డ కట్టి ఉండదట, చర్మం కింద పొరల వెంట పాకుతూ పోతుందట. పైన తోలు బాగానే ఉంటుంది, కింద కండ చచ్చిపోయి ఉంటుంది. చచ్చిన కండకి రక్తం అందదు. రక్తం పోని చోటికి మందెట్లా పోతుంది? అందుకే ఎంత ఖరీదైన యాంటీబయాటిక్ ఎక్కించినా ఆ కండను తీయక తప్పదు. కోస్తూ పోతారు, రక్తం కనిపించిన చోట ఆగుతారు. ఇవాళ మంచిగా ఉన్న కండ రేపటికి నల్లబడొచ్చు కాబట్టి ఒకటి రెండు రోజుల్లో మళ్లీ తెరిచి చూస్తారు. కుట్లు వేసి మూసేస్తే చీము బయటికి రాలేక మెడ పొరల్లోంచి ఛాతీలోకి, గుండె పక్కకి దిగుతుంది. అప్పుడు ప్రాణం మీదికి వస్తుంది.

రోజూ డ్రెస్సింగ్ దగ్గర నేనే నిల్చునేదాన్ని. మొదట్లో బూడిద రంగు నీళ్లలాంటి చీము. ఆ వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది. పదో రోజు అనుకుంటా, గాయం అడుగున చిన్న చిన్న ఎర్రటి గింజలు కనిపించినై, అచ్చం దానిమ్మ గింజల్లా. సిస్టర్ నన్ను దగ్గరికి పిలిచి “ఇగో, కొత్త కండ” అంది. ఆ రోజు నేను కడుపునిండా అన్నం తిన్నా. తర్వాత తొడ చర్మం తీసి అతికించారు. ఇప్పుడు మెడ ఎడమ పక్కకి తిప్పితే కొంచెం పట్టినట్టు ఉంటుంది, కానీ పొలం పనికి పోతున్నాడు.

పెద్దనాయన మీద కోపం తెచ్చుకోకు, భయంతో అంటున్నాడు. మా నాయనమ్మ కాలంలో మెడ వెనక రాచపుండు, అదే చీము పట్టిన పెద్ద గడ్డ, లేస్తే పసరే కట్టేవాళ్లు. అదీ షుగర్ ఉన్నోళ్లకే ఎక్కువ వస్తుంది, అప్పట్లో ఎవరికి తెలుసు? పసరు తోలు మీదే ఉంటుంది తమ్ముడూ, ఈ రోగం లోపలుంది.

పాలమూరు నర్సు:
అక్క చెప్పింది నిజం. ఇంకొన్ని. ఆరెంపీ ఇచ్చిన ఇంజెక్షన్లలో స్టెరాయిడ్ ఉందేమో కనుక్కుని డాక్టర్లకి చెప్పండి. దానితో వాపు ఒకటి రెండు రోజులు తగ్గినట్టు కనిపిస్తుంది, షుగర్ మాత్రం పైకి పోతుంది. ఆ పన్ను పీకారా లేదా అడగండి, అది అలాగే ఉంటే మళ్లీ మొదలవుతుంది. చీములో ఏ క్రిమి ఉందో, దానికి ఏ మందు పనిచేస్తుందో చెప్పే కల్చర్ రిపోర్టుకి రెండు మూడు రోజులు పడుతుంది, అది వచ్చాక మందు మార్చితే కంగారు పడొద్దు. షుగర్ వాళ్లలో క్లెబ్సియెల్లా అనే క్రిమి తరచుగా కనిపిస్తుంది.

గొంతులో గొట్టం ఉన్నన్ని రోజులు మాట రాదు, తీశాక వస్తుంది. నాయనకి ఒక నోట్‌బుక్కు, పెన్ను ఇవ్వండి. మాట పోయిందనుకుని లోపల్లోపల కుమిలిపోతారు.

చదివే మిగతావాళ్లకి: షుగర్ ఉన్న మనిషికి దవడ కింద వాపుతో నోరు తెరుచుకోకపోయినా, ఉమ్ము మింగలేకపోయినా కాపడాలు పెడుతూ కూర్చోకండి. 108కి ఫోన్ చేయండి.

హాలియా:
ఖర్చు సంగతి ఎవరూ రాయలేదు. ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర ఉంటారు, ఇవాళే కలవండి. 2023 డిసెంబర్‌లో ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలకి పెంచారు.

దేవరకొండ అబ్బాయి:
అక్కా, రాత్రే సంతకం పెట్టిన. పొద్దున తీసుకెళ్లి పన్నెండింటికి బయటికి తెచ్చారు. “రక్తం వచ్చిందా సార్?” అని అడిగా. డాక్టర్ ఆగి నా వైపు చూసి, “చుట్టూ వచ్చింది, చెవి కింద కొంచెం అనుమానం, ఎల్లుండి చూద్దాం” అన్నారు. పన్ను మొదటి రోజే తీశారట. పెద్దనాయన పోలేదు, ఆరోగ్యమిత్ర దగ్గర లైన్లో ఆయనే నిల్చున్నాడు.

సాయంత్రం నోట్‌బుక్ ఇచ్చిన. నాయన వంకర అక్షరాలతో రాసి చూపించాడు: “పత్తి కాంటా అయిందా?”