50 పక్షులే మిగిలిన గుంపులో బయటి పక్షుల్ని కలపాలా, వద్దా?

రెక్కలచప్పుడు:
కలపాల్సిందే. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, గడ్డిమైదానాల్లో బతికే ప్రెయిరీ కోళ్లు 1962లో 2,000 దాకా ఉండేవి, 1994కి 50 కూడా లేవు. దగ్గరి చుట్టాల మధ్యే జతకట్టాల్సి వచ్చి జీన్స్ బలహీనపడ్డాయి. గుడ్లు పెట్టేవి, వాటిలో చాలావాటి నుంచి పిల్లలు వచ్చేవి కావు. 1992 నుంచి మిన్నెసోటా, కాన్సస్, నెబ్రాస్కా పక్షుల్ని తెచ్చి వదిలాక ఆ బెడద తగ్గింది. ఇంకేం రుజువు కావాలి?

గడ్డిపరక:
సగం కథే చెప్పారు. 2014లో కాన్సస్ నుంచి మళ్లీ తేవాల్సి వచ్చింది కదా! గడ్డిమైదానాలన్నీ పొలాలైపోయాక కొత్త రక్తం ఎక్కించి ఏం లాభం? పైగా చిన్న గుంపు అనగానే జీన్స్ చెడ్డట్టేనని తేల్చేయకండి. న్యూజిలాండ్‌లోని ఎగరలేని కాకాపో చిలకల జీనోమ్ (మొత్తం జన్యువుల) మీద 2021లో వచ్చిన పరిశోధన చూడండి. స్టీవార్ట్ దీవిలో సుమారు 10,000 ఏళ్లు విడిగా బతికిన చిలకల్లో హానికర మ్యుటేషన్లు (జన్యువుల్లో మార్పులు) ప్రధాన భూభాగపు వాటికంటే తక్కువ. చెడ్డవి ఉన్న పక్షులు నిలవక, తరతరాలుగా అవి ఏరివేతకు గురయ్యాయి.

రెక్కలచప్పుడు:
పదివేల ఏళ్లండీ! 30 ఏళ్లలో కుప్పకూలిన గుంపుకి అంత తీరికెక్కడిది? పక్షులు కొన్నే ఉన్నప్పుడు ఏ జీన్ నిలవాలో దాని మంచిచెడ్డలు కాదు, అదృష్టం తేలుస్తుంది. అంత ఏరివేత జరిగిన కాకాపోల్లోనే ఇప్పటికీ బోలెడు గుడ్లు పిల్లలు కాకుండా పోతున్నాయి.

నల్లపిట్ట:
ఇద్దరూ వదిలేసిన సంగతి ఒకటుంది. న్యూజిలాండ్‌కి చెందిన చాతమ్ దీవుల్లో బ్లాక్ రాబిన్ అనే పిట్టలు 1980లో మొత్తం ఐదు. సంతతిని నిలబెట్టింది 'ఓల్డ్ బ్లూ' అనే ఒక్క ఆడపక్షి. కలుపుదామంటే వేరే గుంపే లేదు. తర్వాతి ఏళ్లలో కొన్ని ఆడపక్షులు గుడ్డుని గూటి మధ్యలో కాక అంచు మీద పెట్టసాగాయి. అక్కడున్న గుడ్డు తల్లి పొదగడానికి అందదు. ఒక్క గుడ్డు పోయినా నష్టమే కాబట్టి సిబ్బంది దాన్ని లోపలికి నెట్టేవారు. పిల్ల దక్కేది, దాంతోపాటు ఆ గుణమూ దక్కేది. 1989కల్లా సగానికి పైగా ఆడపక్షులు అంచునే పెట్టాయి! నెట్టడం మానేశాక ఆ లక్షణం తగ్గుతూ వచ్చింది.

గడ్డిపరక:
నేననేదీ అదే. చేతులు పెట్టకండి.

నల్లపిట్ట:
అలా అయితే ఆ ఐదూ ఎప్పుడో పోయేవి. హవాయి దీవుల్లోని అమకిహి అనే చిన్న పిట్ట పల్లపు అడవుల్లో దోమల మలేరియాని తట్టుకునేలా మారింది, నిజమే. కానీ అవి లెక్కకు మించి ఉన్న పక్షులు. తట్టుకునేవి కొన్నైనా వాటిలో దొరికాయి. 50లో దొరుకుతాయని ఏం నమ్మకం? నా మాట: ఈమధ్యే విడిపోయిన, అలాంటి వాతావరణంలోనే బతుకుతున్న గుంపుంటే కలపండి. గూటి దగ్గర చేసే సాయం ఎప్పుడు ఆపాలో మాత్రం మొదలుపెట్టకముందే రాసుకోండి.

రెక్కలచప్పుడు:
రెండో షరతు ఒప్పుకుంటాను. మొదటిది కుదరదు. అచ్చం అలాంటి గుంపు కోసం వెతుకుతూ కూర్చుంటే ఇల్లినాయ్‌కి ఒక్క పక్షి కూడా వచ్చేది కాదు.