కీమో రోజుల్లో అమ్మ గురించి సలహా కావాలి

మాది కావలి. అమ్మకు రొమ్ము క్యాన్సర్, మూడు వారాలకోసారి చెన్నైలో కీమో ఎక్కిస్తున్నారు. పినాకిని రైల్లో పిన్ని తోడు వెళ్తుంది, ఇక్కడ వంట సంగతి పక్కింటి అక్క చూసుకుంటుంది. వాళ్ల రుణం తీర్చుకోలేను.

కీమో తర్వాత వారం, పది రోజులకు రక్తంలో రోగాలను అడ్డుకునే తెల్లకణాలు బాగా పడిపోతాయట. జ్వరం 100.4 దాటితే వెంటనే ఆసుపత్రికి రమ్మన్నారు. సరిగ్గా అప్పుడే చుట్టాలు పలకరించడానికి వస్తారు, కొందరు దగ్గుతూనే మంచం మీద కూర్చుంటారు. నాకేమో టెన్షన్. అమ్మకేమో మనుషులొస్తేనే ప్రాణం లేచొస్తుంది. వాళ్లు నొచ్చుకోకుండా ఎలా చెప్పాలి?

ఇంకోటి, నోటిపూత. ఉప్పు, వంటసోడా కలిపిన నీళ్లతో పుక్కిలిస్తోంది. చేపల పులుసంటే ప్రాణం పెట్టే మనిషి, ఇప్పుడు ఆ వాసనకే మొహం తిప్పేస్తోంది. పెరుగన్నం మెత్తగా పిసికి పెట్టినా నాలుగు ముద్దలే. మీ ఇళ్లలో ఇలాంటప్పుడు ఏం పెట్టారు?